సోడియం దీపం ఏ రంగులో వెలుగుతుంది?

(ఇంటర్ రెండో ఏడాది విద్యార్థులు, వాళ్ళ తల్లిదండ్రుల సమావేశంలో ఒక విశ్రాంత ఫిజిక్స్ అధ్యాపకుడి ప్రసంగం)

పిల్లలకీ, పనులు మానుకుని వచ్చిన పెద్దలకీ నమస్కారం.

ఎంసెట్ ఫలితాలు వచ్చాయంటే నా ఫోను ఊరుకోదు. పేరు ఈఏపీసెట్‌గా మారినా మన నోటికి అది ఎంసెట్టే. "మాస్టారూ, ఫలానా కాలేజీలో సీఎస్‌ఈ వస్తోంది, ఫలానా దాంట్లో ఈసీఈ వస్తోంది, ఏది పెట్టమంటారు?" అంటారు. సీఎస్‌ఈ అంటే కంప్యూటర్ సైన్సు, ఈసీఈ అంటే ఎలక్ట్రానిక్స్. చాలాసార్లు ఆ రెండు కాలేజీల గురించి నాకు తెలిసింది వాటి బస్సులే. పొద్దున్నే మా వీధి చివర ఆగుతాయి. అడిగేవాళ్ళకీ అంతకు మించి తెలియదని రెండు ప్రశ్నలు వేస్తే బయటపడుతుంది. "మా బావమరిది కొడుకు అక్కడే చదివాడండీ." "హైవే మీదే ఉందండీ." ఒకాయన మాత్రం దాచుకోకుండా చెప్పాడు: "బస్సు మా ఊరిదాకా వస్తుందండీ, ఆడపిల్ల కదా." దాన్ని నేను తీసిపారేయను. రోజూ మూడు గంటలు బస్సులో ఊగి వచ్చిన పిల్ల రాత్రి పుస్తకం ఏం తెరుస్తుంది? కానీ బస్సు తర్వాత ఇంకేం చూశారంటే ఆయన దగ్గరా జవాబు లేదు.

నా సంగతి ఒకటి చెబుతాను. నేను బీఎస్సీ చదివిన కాలేజీ పేరు ఎందుకులెండి. ల్యాబులో వెలుగు వంగే కోణాలు కొలిచే స్పెక్ట్రోమీటరు ఉండేది, అద్దాల బీరువాలో. తాళం ఒకాయన దగ్గర, ఆయన ఎప్పుడూ సెలవులో. పట్టకం ప్రయోగం సీనియర్ రికార్డులోంచి దించేశాం. కోణాలు, వెర్నియర్ రీడింగులు, ఆఖరికి అతను చేసిన కూడిక తప్పుతో సహా. పబ్లిక్ ప్రాక్టికల్స్‌లో నాకు సరిగ్గా అదే పడింది. ఆ ప్రయోగానికి వెలుగునిచ్చే సోడియం దీపం స్విచ్ వేశాను. వెలిగిన రంగు చూసి దీపం పాడైపోయిందనుకుని ఆర్పేశాను. ఎక్స్‌టర్నల్‌గా వచ్చిన పెద్దాయన నా వంక చూసి, "ఇదే మొదటిసారా నాయనా? వేసి కాసేపు ఆగు" అన్నారు. మార్కులు వేశారు కానీ, ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

అందుకే ఫిజిక్స్ కోసం ఏ కాలేజీ చూడ్డానికి వెళ్ళినా అక్కడ మూడో ఏడాది పిల్లవాణ్ణి పట్టుకుని ఒకే ప్రశ్న అడగమంటాను: సోడియం దీపం వేయగానే ఏ రంగులో వెలుగుతుంది? "పసుపు" అని టక్కున చెప్పాడంటే అతను పుస్తకం చదివాడు, స్విచ్ వేయలేదు. జవాబు నేనిప్పుడు చెప్పను.

ఇంజనీరింగ్‌కీ ఇలాంటి ప్రశ్నలున్నాయి. ఈసీఈ పిల్లవాణ్ణి "బ్రెడ్‌బోర్డు మీద సర్క్యూట్ పనిచేయకపోతే ముందు ఏం చూస్తావు?" అని అడగండి. ఎన్నోసార్లు తగలేసినవాడు నవ్వుతూ చెబుతాడు: సప్లై వస్తోందా, వైరు ఊడిందా, ఐసీ తిరగేసి పెట్టానా అని. సీఎస్‌ఈ వాణ్ణయితే "మెయిన్ ప్రాజెక్టు నువ్వే చేశావా, హైదరాబాద్ అమీర్‌పేటలో రెడీమేడ్‌గా కొన్నావా?" అని అడగండి. తిట్టుకోడు, మన రాష్ట్రాల్లో ఇది అందరికీ తెలిసిన సంగతే. జవాబు చెప్పేటప్పుడు మొహం చూడండి, చాలు.

కాలేజీకి వెళ్తే రిసెప్షన్లో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి రంగుల పుస్తకం చేతిలో పెడతారు. అందులో ఒక కుర్రాడి ఫొటో, కింద పెద్ద అక్షరాల్లో ప్యాకేజీ. ఆ కుర్రాడితో మనకు పనిలేదు. ఉద్యోగం వచ్చిన వంద మందిని జీతం ప్రకారం వరసగా నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్నవాడి జీతమెంత? దాన్నే మీడియన్ అంటారు. కేంద్రం ఇచ్చే ఎన్ఐఆర్‌ఎఫ్ ర్యాంకుకి దరఖాస్తు చేసిన కాలేజీలు ఆ అంకె, పై చదువులకు వెళ్ళినవాళ్ళ అంకె కూడా ఇచ్చుకోవాలి. వెతికి చూడండి. గేటు మీద నాక్ అనే మదింపు సంస్థ ఇచ్చిన గ్రేడు బోర్డు ఉంటుంది, అది కాలేజీ మొత్తానికి. కోర్సుల నాణ్యత చూసే ఎన్‌బీఏ గుర్తింపు బ్రాంచి బ్రాంచికీ విడివిడిగా ఇస్తారు. మీ అమ్మాయి చేరే బ్రాంచికి ఉందా అన్నది అడగాలి. ఇరవై మంది పిల్లలకు ఒక అధ్యాపకుడు ఉండాలని సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ నిబంధన. కంప్యూటర్ సైన్సు సెక్షన్లు ఏడాదికేడాది పెంచుకుంటూ పోతున్న చోట పాఠం చెప్పేవాళ్ళూ అలాగే పెరిగారా? అక్కడ చదివే పిల్లల్ని అడిగితే ఒక్క నిమిషంలో తేలిపోతుంది.

ఇప్పుడు నాకు ఇష్టమైన విషయానికొస్తాను. "మావాడికి ఫిజిక్స్ అంటే ప్రాణమండీ, అందుకే బీటెక్‌లో వేస్తున్నాం" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది, జాలీ వేస్తుంది. మామూలు బీటెక్‌లో ఫిజిక్స్ పేరుతో దక్కేది మొదటి ఏడాదిలో ఒక సెమిస్టరు. ఈసీఈలో మాక్స్‌వెల్ సమీకరణాలు, మెకానికల్‌లో థర్మోడైనమిక్స్ తగులుతాయి, కాదనను. కానీ ఆ ప్రాణం అంతటితో నిలబడదు. అలాంటి పిల్లలకి వేరే దారులున్నాయి, అవి ఇళ్ళదాకా రావడం లేదు. 2015లో మన తిరుపతిలో ఐసర్ పెట్టారు, సైన్సు చదువుకీ పరిశోధనకీ కేంద్రం నడిపే సంస్థ. ఏర్పేడు మండలంలో ఉంది. తిరుపతి ఐఐటీ కూడా ఆ మండలంలోనే. ఐఐటీ పేరు చెబితే ఊరంతా లేచి నిలబడుతుంది, ఐసర్ అంటే "అదేంటండీ" అంటారు. అక్కడ ఐదేళ్ళ బీఎస్-ఎంఎస్, మొదట్లో అన్ని సైన్సులూ చదివి ఆ తర్వాత ఒకటి ఎంచుకుంటారు. ప్రవేశం ఐఏటీ అనే సొంత పరీక్షతో. భువనేశ్వర్‌లో నైజర్ అనే అలాంటి సంస్థే ఉంది, దానికి నెస్ట్ అనే పరీక్ష రాయాలి. బెంగళూరు ఐఐఎస్‌సీలో 2011 నుంచి నాలుగేళ్ళ డిగ్రీ ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదేళ్ళ ఎంఎస్సీ ఉంది. ఫిజిక్సూ కావాలి, బీటెక్కూ కావాలంటే కొన్ని ఐఐటీల్లో ఇంజనీరింగ్ ఫిజిక్స్ అనే బ్రాంచే ఉంది, మన హైదరాబాద్ ఐఐటీలో కూడా. నేను ఈ సంగతి సంక్రాంతి సెలవులు కాగానే వచ్చి చెబుతున్నది ఎందుకంటే, ఎంసెట్ ర్యాంకు చూసుకుని నీరసపడ్డాక ఐసర్ గుర్తొస్తే లాభం లేదు. అప్పటికి దరఖాస్తు గడువు దాటిపోయి ఉంటుంది.

తండ్రులకు ఒక మాట. ఇది పొడుగు దారి. ఐదేళ్ళ తర్వాత పీహెచ్‌డీ, అది మరో ఐదారేళ్ళు. పరిశోధన చేసేవాళ్ళకిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వస్తే నెలకు 37,000, పైన ఇంటద్దె భత్యం. ఈలోగా పక్కింటి సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఫ్లాటు కొంటాడు. ఇది తెలిసే పంపండి. నా దగ్గర చదివిన ఒక అబ్బాయి "పరీక్ష రాశాను, వచ్చింది" అని మంచి సంస్థలోనే ఫిజిక్స్‌లో చేరాడు. రెండో ఏడాదిలో ఫోన్ చేసి ఏడ్చాడు. వాడికి లెక్క తేలడం ఇష్టం, లెక్కతో నెలల తరబడి కూర్చోవడం ఇష్టం లేదు. ఇంజనీరింగ్‌కి పోయి ఉంటే సుఖపడేవాడు, ఆ మాట నేనే చెప్పాల్సింది.

ఆఖరిగా వెబ్ ఆప్షన్లు, అంటే కౌన్సెలింగ్‌లో మనం వరసగా పెట్టే కాలేజీల లిస్టు. ఏటా తెలివైనవాళ్ళే ఇక్కడ తప్పు చేస్తారు. పోయినేడు సీటొచ్చిన ఆఖరి ర్యాంకు చూసుకుని, "మనకు వచ్చే" కాలేజీని మొదట పెడతారు, కావాల్సినదాన్ని కిందకు తోస్తారు. కంప్యూటర్ మీ లిస్టును పైనుంచి కిందికి చదువుతుంది, మీ ర్యాంకుకి ఖాళీ దొరికిన మొదటి చోట ఆగిపోతుంది. రాని సీటును పైన పెట్టినందుకు కింది సీటు పోదు. కాబట్టి నిజంగా ఏది కావాలో అదే మొదట. రెండో విడతలో మాత్రం చేతిలో ఉన్న సీటు కన్నా మెరుగనుకున్నవే పెట్టండి. కొత్తది వచ్చిందంటే పాతది దానంతటదే రద్దయిపోతుంది. "ఊరికే పెట్టి చూశానండీ" అంటూ ఉన్న సీటు పోగొట్టుకున్నవాళ్ళు నా ఇంటికి వచ్చారు. నేనేం చేయగలను? టీ ఇచ్చి పంపాను.

ప్రశ్నలు ఇక్కడ వద్దు. పక్కన ఫిజిక్స్ ల్యాబులో కిటికీలు మూయించి ఉంచాను. సోడియం దీపం ఇంకా వేయలేదు, చల్లగా ఉంది. పెద్దలు కూడా రండి. స్విచ్ దగ్గర వెనక బెంచీ పిల్లలు నిలబడండి, మీలో ఒకరే వేయాలి. అది పసుపుకి వచ్చేదాకా కొన్ని నిమిషాలు పడుతుంది, ఈలోగా మీరు అడగాల్సినవి అడగండి.