షిబారీ ఫోన్-ఇన్: ఒంటికి తగ్గ తాడు

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ వారం జపాన్ తాడుకట్టు విద్య షిబారీ. ఛాతీ హార్నెస్, అంటే ఛాతీ చుట్టూ తాడుతో వేసే కట్టు మీద మీ సందేహాలు అడగండి. న్యూజెర్సీ నుంచి ఒకరు లైన్‌లో ఉన్నారు.

శ్రోత: హలో, వినిపిస్తోందా? నేను కాస్త లావుగా ఉంటాను మేడమ్. కాస్త ఏమిటిలెండి, బాగానే. మా ఆయన వీడియోలు చూసి కడుతున్నారు. వాటిలో అమ్మాయిలందరూ చీపురు పుల్లల్లా ఉంటారు. నాకేమో రెండో చుట్టుకే తాడు అయిపోతోంది. కింది వరస జారి పొట్ట మీదికి వస్తోంది. నిన్న మా ఆయన విసుక్కున్నారు కూడా. అసలు నాలాంటి ఒంటికి...

శిక్షకురాలు: ఆగండమ్మా. తాడు పొడవెంత?

శ్రోత: ఎనిమిది మీటర్లు. ఆరు మిల్లీమీటర్ల జనపనార.

శిక్షకురాలు: మంచిదే. కత్తెర పక్కన ఉంటోందా?

శ్రోత: వంటింట్లో ఉంది.

శిక్షకురాలు: వంటింట్లో ఉంటే ఏం లాభం? అంబులెన్సు వాళ్లు వాడే మొద్దు మొన కత్తెర కొని, చేతికి అందేంత దగ్గరలో పెట్టుకోండి. ఇక తాడు అయిపోతే రెండోది కలపండి. మొదటి తాడు కొసల్లో ముడులుంటాయి కదా, రెండో తాడును సగానికి మడిచి, ఆ మడతతో ముడుల వెనక ఉచ్చు బిగించండి. ఆ అతుకు చంక కింద గానీ, వెన్నెముక మీద గానీ పడకుండా చూసుకోండి.

శ్రోత: మరి జారడం?

శిక్షకురాలు: కింది వరస రొమ్ముల కింద, పక్కటెముకల మీద కూర్చోవాలి. గుండెల నిండా ఊపిరి పీల్చి నిలబడండి, అప్పుడు కట్టమనండి. తరువాత కుర్చీలో కూర్చుని చూడండి. కూర్చుంటే ఒళ్లు పరుచుకుంటుంది, నిలబడినప్పుడు సరిపోయిన కట్టు అప్పుడు కోస్తుంది. తాడు కింద రెండు వేళ్లు దూరాలి. ఒరుసుకునే చోట లోపల బనియను వేసుకోండి.

శ్రోత: అంటే గట్టిగా బిగిస్తే జారదా?

శిక్షకురాలు: అయ్యో, ఇప్పుడేగా చెప్పాను! బిగించవద్దు. ఇంకో చుట్టు వేయండి. తాళ్లు ఒకదాని పక్కన ఒకటి, మెలిపడకుండా పరుచుకుంటే ఒత్తిడి పలచబడుతుంది, పట్టూ నిలుస్తుంది. భుజాల మీదుగా రెండు పట్టీలు దింపి కింది వరసకు తగిలిస్తే అది కిందికి జారదు. మెడ జోలికి మాత్రం వెళ్లవద్దు.

శ్రోత: పొట్ట పెద్దదైనా పరవాలేదా?

శిక్షకురాలు: పరవాలేదమ్మా. మీ ఒంటికి తగ్గట్టు తాడు మారాలి. వీడియోలో కొలతలు ఆ అమ్మాయివి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలండీ. మెల్‌బోర్న్ నుంచి.

శ్రోత: గట్టిగా ఉంటేనే అసలు జపాన్ పద్ధతి అంటారు కదా? ఇంట్లో పైకప్పు కొక్కేనికి వేలాడదీస్తే...

శిక్షకురాలు: వద్దు. ఫ్యాను కొక్కేనికి మనిషిని వేలాడదీస్తారా ఎవరైనా? అది గురువు దగ్గర ఏళ్ల తరబడి నేర్చుకోవలసిన పని. ఇక గట్టిగా అంటారా, జపాన్‌లో ఎడో కాలంలో, అంటే పదిహేడు నుంచి పంతొమ్మిదో శతాబ్దం దాకా, హోజోజుత్సు అని ఖైదీలను కట్టే విద్య ఉండేది. ఖైదీ కదలకూడదనే అంత బిగువు. మీరు కట్టేది ఖైదీని కాదు. కత్తెర ఉందా?

శ్రోత: కొంటానండీ.

వ్యాఖ్యాత: తరువాత, హైదరాబాద్.

శ్రోత: చేతులు కూడా కలిపి కట్టవచ్చా?

శిక్షకురాలు: కొత్తలో వద్దు. భుజానికీ మోచేతికీ మధ్య, ఎముకను ఆనుకుని వెలుపలి వైపుగా ఒక నరం వెళుతుంది. అది నలిగితే మణికట్టు పైకి లేవదు, చేయి వేలాడిపోతుంది. కోలుకోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. తిమ్మిరి వచ్చినా, మణికట్టు పైకి వంచలేకపోయినా వెంటనే విప్పేయాలి. ముడి చిక్కుపడితే కోసేయండి. తాడు మళ్లీ కొనుక్కోవచ్చు.

వ్యాఖ్యాత: ఒక్క నిమిషమే ఉంది. డల్లాస్.

శ్రోత: తాడు ఉతకవచ్చా?

శిక్షకురాలు: జనపనారను నానబెట్టకండి, బలం తగ్గుతుంది. పొడిగుడ్డతో తుడిచి గాలికి ఆరేయండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు మేడమ్. లైన్‌లో ఉన్నవారు వచ్చే వారం మళ్లీ ప్రయత్నించండి.