కాన్పు గదిలో తాడు ఎందుకు?

(స్క్రీన్ మీద: ఆరోగ్య కేంద్రంలో కాన్పు గది, పైనుంచి వేలాడే లావుపాటి తాడు, పక్కన పొట్టి బల్ల)

నొప్పులు వచ్చినప్పుడు తాడు పట్టుకుని, గొంతుక్కూర్చుని కనడం దక్షిణ అమెరికా దేశం పెరూలోని కెచువా ఆదివాసీ ఆడవాళ్లకి తరతరాల అలవాటు. అయకుచో ప్రాంతంలోని సాంటియానా జిల్లాలో 1999లో ఆరోగ్య కేంద్రంలో జరిగిన కాన్పులు 6 శాతమే. మూఢనమ్మకం వల్ల రావట్లేదు అనేయడం తేలిక. లోపల ఏం జరిగేదో చూడండి: వెల్లకిలా పడుకోబెట్టేవాళ్లు, ఇంటివాళ్లని బయటే ఆపేసేవాళ్లు, ఆమెకి రాని స్పానిష్‌లో మాట్లాడేవాళ్లు, ఇంట్లో పద్ధతి ప్రకారం పూడ్చుకోవాల్సిన మాయని పారేసేవాళ్లు. పురిటి నొప్పులతో అలాంటి చోటికి ఎవరు వెళ్తారు?

తర్వాత కెచువా మహిళలతో, మంత్రసానులతో కూర్చుని మాట్లాడి పద్ధతి మార్చారు. తాడూ బల్లా గదిలోకి వచ్చాయి, ఇంటివాళ్లూ మంత్రసానీ లోపలికి వచ్చారు, వాళ్ల భాష కెచువాలో మాట్లాడటం మొదలైంది. 2007 నాటికి ఆ 6 శాతం 83 అయింది!

(మ్యాప్: ఉత్తర క్యుబెక్, హడ్సన్ బే తీరం)

కెనడాలో జరిగింది ఇంకా బాధాకరం. ఉత్తర క్యుబెక్‌లోని నునావిక్ ప్రాంతంలో ఉండే ఇన్యుట్ ఆదివాసీ గర్భిణులను కాన్పుకి కొన్ని వారాల ముందే విమానంలో దక్షిణాదికి పంపేసేవాళ్లు. తనవాళ్లెవరూ లేని చోట ఒంటరిగా కనాలి. ప్రాణాలు కాపాడాలనే పంపారు, కాదనను. అయితే ఊళ్లో కాన్పులే జరగకపోతే ఆ పని చూసి నేర్చుకునే అమ్మాయి ఎక్కడి నుంచి వస్తుంది? ఒక్క తరంలో విద్య మొత్తం పోతుంది. అక్కడి ఆడవాళ్లు పట్టుబట్టి అడిగితే 1986లో అక్కడి పువిర్నిటుక్ అనే ఊళ్లో కాన్పుల కేంద్రం వచ్చింది. ఇన్యుట్ అమ్మాయిలు సొంత ఊళ్లోనే, అనుభవం ఉన్న మంత్రసానుల పక్కన పనిచేస్తూ నేర్చుకుంటారు. పొట్ట తడిమి బిడ్డ ఎటు తిరిగిందో చెప్పడం, రక్తపరీక్షలు, ఊపిరి అందని పసిబిడ్డకి శ్వాస ఇవ్వడం, అన్నీ.

సంప్రదాయమంతా మంచిదేనని మాత్రం నేను చెప్పను. కాన్పయ్యాక రక్తం ఆగకపోతే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ కావాలి, మూలికలతో కాలయాపన చేస్తే తల్లి దక్కదు. బొడ్డు కోసే బ్లేడు శుభ్రంగా లేకపోతే బిడ్డకి ధనుర్వాతం రావచ్చు. పువిర్నిటుక్‌లో సిజేరియన్ చేసే వీల్లేదు, అవసరమైతే పంపే మాంట్రియల్ నగరం వెయ్యి కిలోమీటర్ల పైమాటే. అందుకే ప్రతి గర్భిణి గురించీ మంత్రసానులు, డాక్టర్లు, నర్సులు ముందే కూర్చుని చర్చించి, ఎవరు ఊళ్లోనే కనొచ్చో, ఎవరిని పంపాలో తేలుస్తారు. ఆ చర్చ నడిపేది మంత్రసానులే, నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

2023లో యునెస్కో మంత్రసాని విద్యను వారసత్వ జాబితాలో చేర్చింది, సంతోషం. అయినా చాలాచోట్ల ఇప్పటికీ మంత్రసాని గర్భిణిని ఆసుపత్రి గుమ్మం దాకా తీసుకొచ్చి, అక్కడే ఆగిపోవాల్సి వస్తోంది. మంత్రసానిని లోపలికి రానివ్వాలి, చేసిన పనికి జీతం ఇవ్వాలి, పక్కన నేర్చుకునే ఒక అమ్మాయిని పెట్టాలి.