మడమకు మిషన్ ఒక్కటే చాలదు

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలందరి పేర్లూ చదివి ఒక్కొక్కరికీ దండం పెట్టడం ఆనవాయితీ. కానీ మీరు పదింటికల్లా షట్టర్లు ఎత్తాలి, ఇప్పటికే ఎనిమిదిన్నర దాటింది, అందుకని అందరికీ కలిపి ఒకటే దండం. సెప్టెంబరు 8 ప్రపంచ ఫిజియోథెరపీ దినం కదా, మడమ నొప్పికి పెట్టే ఆ షాక్‌వేవ్ మిషన్ గురించి మావాళ్ళకు నాలుగు ముక్కలు చెప్పండి సార్ అని షాపుల సంఘం వాళ్ళు పిలిచారు. చెప్తాను. దాంతో పాటు ఇంకొకటి కూడా చెప్తాను, అది మాత్రం ముందు వరసలో ఉన్న ఓనర్లకు.

మడమ నొప్పి ఎలా ఉంటుందో ఇక్కడ ఎవరికీ వివరించక్కర్లేదు. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే ప్రాణం పోతుంది, నాలుగడుగులు నడిస్తే కాస్త సర్దుకుంటుంది, షాపులో సాయంత్రమయ్యే సరికి మళ్ళీ మొదలు. మడమ ఎముక నుంచి వేళ్ళ దాకా పాదం అడుగున గట్టి పట్టీలాంటిది ఉంటుంది, ప్లాంటార్ ఫేషియా అంటాం. అది మడమకు అతుక్కునే చోట రోజూ లాగుడు పడీ పడీ దెబ్బతింటుంది. ఎక్స్‌రే తీస్తే కొందరికి అక్కడ ఎముక ముల్లులా కనిపిస్తుంది, ఇంక ఆ ముల్లే గుచ్చుకుంటోందని ఒకటే టెన్షన్. ఏ నొప్పీ లేనివాళ్ళలో కూడా చాలామందికి ఆ ముల్లు ఉంటుందమ్మా. షాక్‌వేవ్ దాన్ని కరిగించదు. కరిగిస్తాం అని ఎవరైనా చెబితే లేచి వచ్చేయండి.

ఇక మిషన్. కరెంటు పెడతారా సార్ అని అడుగుతారు, కరెంటు కాదు, ఒత్తిడి తరంగాలు. ముందు ఇది కిడ్నీలో రాళ్ళ కోసం వచ్చింది, 1980లో జర్మనీలోని మ్యూనిక్‌లో. తయారు చేసింది డోర్నియర్ అనే విమానాల కంపెనీ! పేషెంటును నీళ్ళ తొట్టిలో ఉంచి, బయటి నుంచి తరంగాలు పంపి రాయిని పగలగొట్టారు. మడమ నొప్పికి వాడొచ్చని అమెరికా ప్రభుత్వం 2000లో అనుమతి ఇచ్చింది. మన క్లినిక్కుల్లో ఎక్కువగా ఉండేది రేడియల్ రకం. చేతిలో పట్టుకునే గొట్టంలో గాలి ఒత్తిడితో చిన్న లోహపు ముక్క దూసుకొచ్చి కొసను కొడుతుంది, టకటకటక అని శబ్దం. జెల్ రాసి నొప్పి ఉన్న చోట ఆనిస్తాం. సుమారు 2000 దెబ్బలు, అంతా కలిపి పది నిమిషాల లోపే, వారానికోసారి, మామూలుగా మూడు వారాలు. నొప్పి పుడుతుంది, అబద్ధం చెప్పను. మత్తు మాత్రం ఇవ్వం, ఇస్తే ఫలితం తగ్గుతుంది, పైగా సరిగ్గా ఎక్కడ నొప్పో మీరే చెప్పాలి. ఆగిపోయిన మరమ్మతును ఆ దెబ్బలు మళ్ళీ కదిలిస్తాయని డాక్టర్ల ఆలోచన. అందుకే గుణం కనపడడానికి వారాలు పడుతుంది, ఒక్కోసారి మూడు నెలలు.

అందరికీ పని చేస్తుందా? 2002లో ఆస్ట్రేలియాలో, 2003లో జర్మనీలో పరీక్షించి చూస్తే, ఉత్తుత్తి చికిత్సకూ దీనికీ పెద్ద తేడా లేదని తేలింది. 2008లో రేడియల్ రకం మీద వచ్చిన పరీక్షలో మేలే కనపడింది. నా లెక్కలో ఇది ఆరు నెలలు వ్యాయామం చేసి, చెప్పులు మార్చి, అయినా తగ్గనివాళ్ళకు. వారం రోజుల నొప్పికి పది సిట్టింగుల ప్యాకేజీ కట్టించుకున్న సెంటరు మన ఊళ్ళోనే ఉంది, పేరు చెప్పను. చాలామందికి ఏడాది లోపు మిషన్ లేకుండానే తగ్గిపోతుంది.

వ్యాయామం ఇప్పుడే చేసి చూడండి. కాలు మీద కాలు వేసుకుని, పాదం వేళ్ళను చేత్తో మీ వైపుకు వంచండి. పది అంకెలు లెక్కపెట్టి వదలండి. పదిసార్లు. మంచం దిగకముందే చెయ్యాలి, దిగాక కాదు. జిల్లేడాకు వేసి వేడి ఇటుక మీద కాపడం పెట్టుకునేవాళ్ళు పెట్టుకోండి, వద్దనను, షుగరుండి పాదం తిమ్మిరెక్కినవాళ్ళు మాత్రం పెట్టుకోవద్దు, కాలింది కూడా తెలియదు.

చీరల సెక్షన్లో పనిచేసే ఒకామె వచ్చింది. ఎక్స్‌రేను షాపు కవర్లోనే మడిచి తెచ్చింది. గ్రానైట్ నేల, కౌంటర్ బయటే చెప్పులు విడవాలి, పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది దాకా నిలబడే ఉండాలి. కస్టమర్ పక్కకు తిరిగినప్పుడు ఒక కాలెత్తి కింది అర మీద ఆనించుకుంటాను సార్, అదే నాకు రెస్టు అంది. మూడు సిట్టింగులు అయ్యాయి, రెండు నెలల్లో బాగా తగ్గింది. తర్వాత బ్రహ్మోత్సవాల రద్దీ వచ్చింది, నొప్పి మళ్ళీ మొదటికే వచ్చింది. నాకు ఒళ్ళు మండింది. షాపు మేనేజర్‌కు ఫోన్ చేసి ఒక స్టూలు వెయ్యండి బాబూ అన్నాను. "స్టూలు వేస్తే సీసీ కెమెరాలో కూర్చున్నట్టు కనపడతారు సార్, పైనుంచి నాకు ఫోన్ వస్తుంది" అన్నాడు. అంటే కెమెరా ఆ పిల్ల మడమ కోసం కాదు, మడమ కెమెరా కోసం!

కేరళలో 2018లోనే షాపుల్లో కూర్చునే హక్కు ఇచ్చారు, 2021లో తమిళనాడులో కూడా చట్టం చేశారు. నగరి దాటితే తమిళనాడే కదండీ. మన దగ్గర చట్టం సంగతి లాయర్లు చూసుకుంటారు, నేను అడిగేది స్టూలు. కౌంటర్ వెనక స్టూలు, కాళ్ళ కింద మందపాటి రబ్బరు పట్టా, షాపులో వేసుకోవడానికి విడిగా మెత్తటి చెప్పులు. మూడూ కలిపినా మీ షోరూం ముందు సీరియల్ బల్బుల ఖర్చు కాదు. కస్టమర్ వస్తే లేచి నిలబడతారు, ఎవరు వద్దన్నారు? నేను మిషన్ పెట్టి తగ్గించేది, మీరు పదకొండు గంటలు నిలబెట్టి మళ్ళీ తెచ్చేది, ఎన్నాళ్ళిట్లా?

అధ్యక్షులవారు వాచీ చూస్తున్నారు. ఒక్క మాట. గర్భిణులూ, రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్ళూ, ఈమధ్యే మడమలో ఇంజెక్షన్ వేయించుకున్నవాళ్ళూ డాక్టరుకు చెప్పకుండా ఈ మిషన్ దగ్గరికి వెళ్ళకండి. ప్రశ్నలుంటే అడగండి. ముందు ఓనర్లు అడగాలి. మైకు ఆ మొదటి వరసకు ఇవ్వండమ్మా.