అయస్కాంతంతో టిక్స్ ఆగుతాయా?

(ఆదివారం ఉదయం ప్రసారమైన ఫోన్-ఇన్ కార్యక్రమానికి అక్షర రూపం. ఫోన్ చేసినవారి పేర్లు తొలగించాం.)

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ వారం విషయం టిక్స్. కళ్ళు అదే పనిగా ఆర్పడం, మెడ విదిలించడం, భుజం ఎగరేయడం, ముక్కు ఎగబీల్చడం, గొంతు సవరించుకోవడం... పిల్లల ప్రమేయం లేకుండా పదేపదే వచ్చే కదలికలు, శబ్దాలు. తలపై అయస్కాంతం పెట్టి చేసే టీఎంఎస్ చికిత్సతో ఇవి తగ్గుతాయా అని చాలామంది అడుగుతున్నారు. పిల్లల నరాల వైద్యురాలు మనతో స్టూడియోలో ఉన్నారు. మొదటి ఫోన్ ఖమ్మం నుంచి. చెప్పండమ్మా.

శ్రోత (ఖమ్మం): నమస్కారం డాక్టర్ గారూ. మా బాబుకు తొమ్మిదేళ్ళు. రెండేళ్ళ కిందట కళ్ళు ఆర్పడం మొదలుపెట్టాడు. కంటి డాక్టరు గారు కళ్ళు బాగానే ఉన్నాయన్నారు. అది తగ్గి మెడ విదిలించడం వచ్చింది. ఇప్పుడు గొంతులోంచి ‘హుం, హుం’ అని శబ్దం. అత్తయ్య గారు దిష్టి అన్నారు, తాయెత్తు కట్టించాం. వాళ్ళ నాన్న కావాలనే చేస్తున్నాడని రెండుసార్లు కొట్టారు కూడా...

డాక్టర్: ఇప్పుడు కొట్టడం ఆగిందామ్మా?

శ్రోత: ఆగిందండీ. జబ్బు అని తెలిశాక ఆయనే ఎక్కువ బాధపడుతున్నారు.

డాక్టర్: ఆయన విని ఉంటే ఒక్క మాట. తెలియక చేశారు. పిల్లవాడిని దగ్గరకు తీసుకుని ‘ఇది నీ తప్పు కాదురా’ అని ఒక్కసారి చెప్పమనండి. ఇప్పుడు మీరు అడగాలనుకున్నది అడగండి.

శ్రోత: ఒక క్లినిక్‌లో చూపిస్తే టూరెట్ అనే టిక్స్ జబ్బు అన్నారు. తలకు అయస్కాంతం పెడతారట. ఇరవై సిట్టింగులు, డెబ్బై వేలు. ముందే కడితే కొంత తగ్గిస్తారట. నా గొలుసు తాకట్టు పెడదామనుకుంటున్నాం. పెట్టమంటారా?

డాక్టర్: వద్దమ్మా. గొలుసు మీ మెడలోనే ఉండనివ్వండి. ఎందుకు వద్దంటున్నానో చెబుతాను, వినండి. ఆ యంత్రం మోసం కాదు. 1985లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ బృందం దాన్ని తయారు చేసింది. రాగి తీగ చుట్టలోంచి సెకనులో వెయ్యోవంతు కన్నా తక్కువ సేపు చాలా పెద్ద కరెంటు పంపుతారు. అప్పుడు పుట్టే అయస్కాంత శక్తి ఎంఆర్ఐ యంత్రంలో ఉండేంత బలంగా, ఒకటిన్నర రెండు టెస్లాల దాకా ఉంటుంది. అది పుర్రెను దాటి వెళ్ళి, మెదడు పై పొరలో చిన్న కరెంటు పుట్టిస్తుంది. కోత లేదు, మత్తు లేదు. అమెరికాలో 2008లో మందులకు లొంగని డిప్రెషన్‌కు, 2018లో పెద్దవాళ్ళ ఓసీడీకి, అంటే వద్దనుకున్నా అదే ఆలోచన, అదే పని పదేపదే చేయించే జబ్బుకు, దీన్ని అనుమతించారు. టిక్స్‌కు మాత్రం ఆ అనుమతి లేదు. పరిశోధన ఇంకా నడుస్తోంది.

శ్రోత: మరి వాళ్ళు కచ్చితంగా తగ్గుతుందన్నారు కదండీ?

డాక్టర్: ‘కచ్చితంగా’ అన్నందుకే నాకు కోపం వస్తోంది. మీరు మళ్ళీ వెళితే ఒకటే అడగండి: ఇది పరిశోధనలో భాగమా, మామూలు చికిత్సా? పరిశోధన అయితే నైతిక సంఘం అనుమతి ఉండాలి, మీకు అర్థమయ్యే భాషలో రాసిన అంగీకార పత్రం ఇవ్వాలి. ప్రయోగం చేస్తున్న చికిత్సకు మీ దగ్గర డబ్బు తీసుకోకూడదు. దేశంలో వైద్య పరిశోధనను చూసే ఐసీఎంఆర్ సంస్థ 2017 మార్గదర్శకాల సారం అదే. పరిశోధన కాదు, మామూలు చికిత్సే అంటే, తొమ్మిదేళ్ళ పిల్లవాడి టిక్స్‌కు దీన్ని ఏ ఆధారంతో ఇస్తున్నారో చూపించమనండి. బాబు పక్కనే ఉన్నాడా? ఒకసారి ఫోన్ ఇస్తారా?

శ్రోత: ఇదిగోండి. మాట్లాడు నాన్నా, డాక్టరమ్మ గారు.

బాలుడు: నమస్తే అండీ.

డాక్టర్: నమస్తే నాన్నా. నీకు మాత్రమే తెలిసిన సంగతి ఒకటి అడుగుతాను. ఆ ‘హుం’ వచ్చే ముందు నీకేమైనా అనిపిస్తుందా?

బాలుడు: గొంతులో ఏదో ఇరుక్కున్నట్టు ఉంటుంది. హుం అంటే పోతుంది. మళ్ళీ వస్తుంది.

డాక్టర్: ఆపుకుంటే?

బాలుడు: ఇంకా ఎక్కువవుతుంది. బళ్ళో ఆపుకుంటాను, టీచర్ తిడతారని. ఇంటికి వచ్చాక చాలాసార్లు వస్తుంది.

డాక్టర్: ఎంత చక్కగా చెప్పావు! వినేవాళ్ళందరూ గమనించాలి, తుమ్ము వచ్చే ముందు ముక్కులో పుట్టే గిలి లాంటిది వీడి గొంతులో రోజంతా పుడుతోంది. బాబూ, ఈసారి ఆ ఇరుకు తెలియగానే నోరు మూసుకుని, ముక్కుతో నెమ్మదిగా గాలి పీల్చి నెమ్మదిగా వదులు. ఒక నిమిషం పాటు, లేదా ఆ ఇరుకు పోయేదాకా. రాకుండా ఆపాలని బిగపట్టకు. ఊపిరి మీదే ధ్యాస పెట్టు. సరేనా?

బాలుడు: సరే. ఆ మిషన్ నొప్పి పెడుతుందా అండీ?

డాక్టర్: టకటకమని చప్పుడు చేస్తుంది. నెత్తి మీద వేలితో కొట్టినట్టు ఉంటుంది. చెవులకు రక్షణ పెడతారు. కొందరికి కాసేపు తలనొప్పి వస్తుంది. కానీ నీకు ఇప్పుడు దానితో పని లేదు. అమ్మకు ఫోన్ ఇవ్వు.

శ్రోత: చెప్పండి డాక్టర్ గారూ.

డాక్టర్: ఇప్పుడు వాడికి చెప్పినది ఒక చికిత్సలోని చిన్న ముక్క. దాన్ని సీబిట్ అంటారు, టిక్స్ కోసం ప్రత్యేకంగా తయారైన ప్రవర్తన చికిత్స. టిక్ రాబోయే ముందు పుట్టే ఆ గిలిని గుర్తుపట్టడం, దానికి ఎదురు నిలిచే మరో పని చేయడం, టిక్‌ను పెంచే పరిస్థితులను ఇంట్లో, బడిలో మార్చడం, ఈ మూడూ నేర్పుతారు. 2010లో అమెరికాలో 126 మంది పిల్లల మీద జరిగిన పరీక్షలో పది వారాల్లో ఎనిమిది సిట్టింగులకు సగం మందికి పైగా, 52.5 శాతం మంది, బాగా మెరుగుపడ్డారు. మామూలు కౌన్సెలింగ్ తీసుకున్నవారిలో 18.5 శాతమే. అమెరికా నరాల వైద్యుల అకాడమీ 2019 మార్గదర్శకాలు కూడా మందుల కన్నా ముందు దీన్నే ప్రయత్నించమంటున్నాయి. మన దగ్గర నేర్పేవాళ్ళు తక్కువ, అదే నా బాధ. హైదరాబాదులో పిల్లల మనోవైద్య విభాగం ఉన్న ఆసుపత్రిలో క్లినికల్ సైకాలజిస్టును అడగండి. ఎవరి దగ్గరకు వెళ్ళాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. అవసరమైతే క్లోనిడిన్ లాంటి మందులు ఉన్నాయి, అవి వాడే స్థితి వస్తే అప్పుడు చూద్దాం. ఇంకో మాట. ఈ టిక్స్ సాధారణంగా పది పన్నెండేళ్ళ మధ్య బాగా ముదురుతాయి. ఆ తర్వాత చాలామందిలో యవ్వనానికి వచ్చేసరికి బాగా తగ్గుతాయి. వచ్చే రెండేళ్ళు కష్టంగా ఉండవచ్చు, భయపడకండి.

వ్యాఖ్యాత: విజయవాడ నుంచి ఒక పెద్దాయన లైన్‌లో ఉన్నారు.

శ్రోత (విజయవాడ): డాక్టర్ గారూ, మీరు లేదంటున్నారు గానీ నేను కళ్ళారా చూశాను. మా ఎదురింటి అమ్మాయికి అయస్కాంతం పెట్టించారు. పదిహేను సిట్టింగులకు సగానికి సగం తగ్గింది. మరి దీనికేమంటారు?

డాక్టర్: మీరు చూసినది నిజమే అయి ఉంటుందండీ. ఆ అమ్మాయికి తగ్గడం నాకూ సంతోషమే. కాకి వాలగానే తాటిపండు రాలితే కాకతాళీయం అంటాం కదా. టిక్స్‌కు పోటు, పాటు ఉంటాయి. కొన్ని వారాలు ఉద్ధృతంగా ఉండి, వాటంతట అవే కొన్ని వారాలు సద్దుమణుగుతాయి. తల్లిదండ్రులు ఆసుపత్రికి ఎప్పుడు పరిగెడతారు? పోటు మీద ఉన్నప్పుడే. ఆ తర్వాత ఏం చేసినా, చేయకపోయినా, చాలాసార్లు తగ్గుముఖమే. తాయెత్తుకూ ఆ పేరు వస్తుంది, అయస్కాంతానికీ వస్తుంది.

శ్రోత: అంటే అంతా మన భ్రమేనంటారా?

డాక్టర్: తెలుసుకోవడానికి ఒక దారి ఉంది. కొందరికి నిజమైన అయస్కాంతం, కొందరికి ఉత్తుత్తి అయస్కాంతం. చప్పుడు అదే, కుర్చీ అదే, తల మీద పెట్టే చుట్ట మాత్రం పనిచేయదు. ఎవరికి ఏది అన్నది రోగికీ, కొలిచేవారికీ తెలియకూడదు. 2006లో న్యూయార్క్‌లో కొద్దిమంది మీద ఉత్తుత్తి లేకుండా చేసినప్పుడు టిక్స్ బాగా తగ్గాయి. అందరికీ ఆశ పుట్టింది, నాకు కూడా. 2015లో తీవ్రమైన టూరెట్ ఉన్న 20 మంది పెద్దవాళ్ళ మీద ఉత్తుత్తితో పోల్చి చూశారు. మూడు వారాల తర్వాత నిజమైన అయస్కాంతం పెట్టినవారిలో టిక్స్ 17.3 శాతం తగ్గాయి. ఉత్తుత్తి వారిలో 13.2 శాతం. ఆ తేడాను నమ్మి చెప్పడానికి ఏమీ లేదు.

శ్రోత: ఉత్తుత్తికే పదమూడు శాతమా!

డాక్టర్: అవునండీ. రోజూ ఒకరు కూర్చోబెట్టి శ్రద్ధగా చూస్తే, ఆశ కలిగితే, కాలం గడిస్తే అంత తగ్గుతుంది. అలాగని అది 20 మందే, చిన్న పరీక్ష. దానితో తలుపు మూసేయలేం. అయస్కాంతాన్ని ఎక్కడ పెట్టాలన్నదే పెద్ద చిక్కు. టిక్స్ పుట్టే వలయం మెదడు లోతుల్లో, బేసల్ గాంగ్లియా అనే కేంద్రాల గుండా వెళుతుంది. అయస్కాంతం అందేది పైనుంచి రెండు మూడు సెంటీమీటర్ల వరకే. అందుకని ఆ వలయంలో పైన ఉన్న చోటును, నడినెత్తికి కాస్త ముందు ఉండే సప్లిమెంటరీ మోటార్ ఏరియాను ఎంచుకుంటున్నారు. సెకనుకు ఒక్క దెబ్బ చొప్పున నెమ్మదిగా కొడితే అక్కడి ఉద్రేకం తగ్గుతుందని అంచనా. అయితే ఆ చోటులో ఎక్కువ భాగం రెండు అర్ధగోళాల నడుమ చీలికలోకి దిగి ఉంటుంది. అక్కడికి శక్తి సరిగా చేరుతోందా, ఎన్ని రోజులు ఇవ్వాలి, పిల్లలకు ఎంత ఇవ్వాలి అన్నవి తేలాలి. తేలిన రోజు ఇదే కుర్చీలో కూర్చుని నేనే చెబుతాను.

శ్రోత: అర్థమైందండీ. ఎదురింటివాళ్ళతో ఏమీ అననులెండి.

డాక్టర్: అనకండి. ఆ అమ్మాయి సంతోషంగా ఉంది, అలా ఉండనివ్వండి.

వ్యాఖ్యాత: బెంగళూరు నుంచి తర్వాతి ఫోన్.

శ్రోత (బెంగళూరు): నమస్కారం మేడం. మాది అనంతపురం, ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నాకు ముప్పై ఒకటి. చిన్నప్పటి నుంచి టిక్స్ ఉన్నాయి, ఇప్పుడు చాలా తక్కువ. నన్ను తినేస్తున్నది వేరేది. తలుపు గడియ పెట్టాక ‘సరిగ్గా పడింది’ అనిపించేదాకా ముట్టుకుంటూనే ఉండాలి. ఒక్కోరోజు నలభై నిమిషాలు. ఓసీడీ అన్నారు. రెండు రకాల మందులు పూర్తి మోతాదులో వాడాను, పెద్దగా మార్పు లేదు. టీఎంఎస్ అంటున్నారు. నాకూ వద్దంటారా?

డాక్టర్: మీ విషయంలో నా జవాబు వేరు. టూరెట్ ఉన్నవారిలో ఓసీడీ కలిసి ఉండడం చాలా మామూలు. ఆ ‘సరిగ్గా అనిపించేదాకా’ అన్న మాట టిక్స్ ఉన్నవారి నోట తరచూ వింటాను. ఇందాక చెప్పిన 2018 అనుమతి మీలాంటి పెద్దవాళ్ళకే. దానికి వాడేది మరింత లోతుకు వెళ్ళే ప్రత్యేకమైన చుట్ట, హెచ్-కాయిల్ అంటారు. ఆరు వారాల్లో 29 సిట్టింగులు. మందులకు లొంగనివారిలో 38 శాతం మందికి చెప్పుకోదగ్గ మెరుగు కనిపించింది, ఉత్తుత్తి వారిలో 11 శాతం మందికి. అంటే ముగ్గురిలో ఒకరికి కాస్త పైన. అందరికీ కాదు. అయినా ఆలోచించదగ్గదే. ప్రవర్తన చికిత్స తీసుకున్నారా?

శ్రోత: రెండు సిట్టింగులు వెళ్ళి మానేశాను. తలుపు ముట్టుకోకుండా ఉండమన్నారు, తట్టుకోలేకపోయాను.

డాక్టర్: రెండింటితో ఎవరికీ తేలదు. మళ్ళీ మొదలుపెట్టండి, ఈసారి మెట్లు చిన్నవి చేయమని అడగండి. మీరున్న ఊళ్ళోనే మానసిక, నరాల జబ్బుల పెద్దాసుపత్రి నిమ్హాన్స్ ఉంది, అక్కడ ఓసీడీకి ప్రత్యేక విభాగం ఉంది. మెదడుకు ఇచ్చే ఇలాంటి చికిత్సల్లో అనుభవం ఉన్నవాళ్ళూ అక్కడే ఉన్నారు. ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా?

శ్రోత: ఇంటర్మీడియట్‌లో ఒకసారి వచ్చింది మేడం. రాత్రంతా మేలుకుని చదివిన రోజు. మళ్ళీ రాలేదు. ఎవరికీ చెప్పలేదు.

డాక్టర్: అడిగి మంచి పని చేశాను. ఇది దాచకూడదు. టీఎంఎస్‌లో అరుదుగానైనా జరిగే పెద్ద ప్రమాదం ఫిట్సే. ఒకసారి వచ్చినంత మాత్రాన చికిత్స పూర్తిగా మూతపడదు గానీ, నరాల వైద్యుడు చూసి, మెదడులోని కరెంటు తీరును చూపే ఈఈజీ పరీక్ష తీసి, లాభనష్టాలు తూచాలి. తలలో లోహపు క్లిప్పులు, చెవిలో వినికిడి కోసం అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్నవారికి అసలు చేయకూడదు. పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పాలి. వాడే మందుల చీటీ మొత్తం చూపించాలి. ఇవేవీ అడగకుండా కుర్చీలో కూర్చోబెట్టే చోటు నుంచి లేచి వచ్చేయండి.

శ్రోత: చెబుతాను మేడం. చాలా తేలికగా ఉంది, ఆ ఫిట్స్ సంగతి చెప్పేశాక.

వ్యాఖ్యాత: సమయం తక్కువగా ఉంది. చివరి ఫోన్, శ్రీకాకుళం జిల్లా నుంచి ఒక ఉపాధ్యాయుడు.

శ్రోత (శ్రీకాకుళం జిల్లా): డాక్టర్ గారూ, ఇందాక ఆ బాబు ‘టీచర్ తిడతారని ఆపుకుంటాను’ అన్నాడు. అది విన్నప్పటి నుంచి మనసు మనసులో లేదు. నా తరగతిలో ఒక అబ్బాయి ఉన్నాడు. ముక్కు ఎగబీలుస్తాడు, డెస్కు మీద కొడతాడు. అల్లరి అనుకుని రెండు నెలలుగా వెనక బెంచీలో కూర్చోబెట్టాను.

డాక్టర్: మాస్టారూ, మీరు ఫోన్ చేశారంటేనే సగం పని అయింది. పదేపదే అటు చూడకండి, ఆపమనకండి. ఆపమంటే పెరుగుతుంది. ఎక్కువైనప్పుడు రెండు నిమిషాలు బయటికి వెళ్ళి వచ్చేలా వాడితో ఒక సైగ మాట్లాడుకోండి. పరీక్షల్లో కాస్త అదనపు సమయం ఇవ్వండి. ఇంట్లోవాళ్ళతో మాట్లాడి పిల్లల వైద్యుడికి చూపించమనండి.

శ్రోత: మిగతా పిల్లలు వెక్కిరిస్తున్నారు. తరగతికి చెప్పేయమంటారా?

డాక్టర్: ముందు ఆ అబ్బాయిని అడగండి. కొందరు చెప్పమంటారు, కొందరు వద్దంటారు. వాడు ఒప్పుకుంటేనే, వాడికి నచ్చిన మాటల్లోనే చెప్పండి.

శ్రోత: రేపు ఉదయం ప్రార్థన కాకముందే అడుగుతాను. ముందు బెంచీలో చోటు ఉంది.

డాక్టర్: ముందు బెంచీ అయితే వెనక ఉన్నవాళ్ళందరి చూపూ వాడి మీదే ఉంటుంది మాస్టారూ. ఎక్కడ కూర్చుంటాడో అదీ వాడినే అడగండి.

శ్రోత: అలాగేనండీ.