రాసిపెట్టని ప్రోటోకాల్

అందరికీ నమస్కారం.

సర్వర్ లేకుండా ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌కి నేరుగా మాటలూ ఫైళ్లూ పంపే నెట్‌వర్క్ కనబడగానే, మధ్యలో ఎవరైనా ఉన్నారా అని అడుగుతాం. లేరంటే సంతోషిస్తాం. నేను మాత్రం ఇంకోటి కూడా అడుగుతాను. దాన్ని తయారుచేసినవాళ్లను ఏమీ అడగకుండా, ఆ నెట్‌వర్క్‌లో చేరే ప్రోగ్రామ్ నేను సొంతంగా రాసుకోగలనా? రాసుకోలేకపోతే మధ్యలో వాళ్లు ఉన్నట్టే.

2003లో వచ్చిన స్కైప్‌నే తీసుకోండి. లాగిన్ సర్వర్ ఒకటి ఉన్నా, మిగతా పని చాలావరకు వాడేవాళ్ల కంప్యూటర్లే చేసేవి. మంచి కనెక్షన్ ఉన్నవి సూపర్‌నోడ్లుగా మారి మిగతావాటికి దారి చూపేవి. ప్రోటోకాల్, అంటే ఆ కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే నియమాలు, మాత్రం రహస్యం. 2004లో కొలంబియా యూనివర్సిటీ పరిశోధకులు సల్మాన్ బసెట్, హెనింగ్ షుల్జ్‌రిన్ అది ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి వచ్చీపోయే ప్యాకెట్లను (డేటా ముక్కలను) బయటినుంచి గమనించాల్సి వచ్చింది. 2012లో మైక్రోసాఫ్ట్ ఆ సూపర్‌నోడ్లను తన సర్వర్లలోకి మార్చుకుంది. 2025 మేలో స్కైప్‌నే మూసేసింది. కంప్యూటర్లు జనానివే, నియమాలు మాత్రం కంపెనీవి.

ఫైళ్లు పంచుకునే నెట్‌వర్క్ న్యూటెల్లా కథ వేరేలా నడిచింది. 2000 మార్చిలో నల్‌సాఫ్ట్ కంపెనీలోని జస్టిన్ ఫ్రాంకెల్, టామ్ పెప్పర్ దాన్ని విడుదల చేస్తే, ఆ కంపెనీ యజమాని ఏఓఎల్ మర్నాడే ఆపించింది. సోర్స్ కోడ్ బయటికి రాలేదు. కానీ ప్రోటోకాల్ సులువైనది, ఎన్‌క్రిప్షన్ లేదు. ప్రోగ్రామర్లు దాన్ని విప్పి చూసి, రాసిపెట్టి, కొత్త క్లయింట్లు, అంటే ఆ నెట్‌వర్క్‌లో చేరే ప్రోగ్రాములు, తయారుచేశారు. నెట్‌వర్క్ బతికింది.

రహస్యంగా దాచేవాళ్ల సంగతి అలా ఉంచుదాం. నన్ను ఎక్కువ బాధపెట్టేది మనవాళ్ల మాట: "కోడ్ అంతా ఓపెనే కదా, ఇంక డాక్యుమెంట్ ఎందుకు?" కోడ్ ఏం చేస్తుందో చదివితే తెలుస్తుంది. అందులో ఏది నియమం, ఏది అనుకోకుండా జరిగిపోయిందో తెలియదు.

సెక్యూర్ స్కటిల్‌బట్ చూడండి, సర్వర్ లేకుండా నడిచే సోషల్ నెట్‌వర్క్, నాకెంతో ఇష్టమైన ప్రాజెక్ట్. మొదట జావాస్క్రిప్ట్‌లో రాశారు. ప్రతి సందేశాన్నీ జేసన్ అనే టెక్స్ట్ రూపంలోకి మార్చి డిజిటల్ సంతకం చేస్తారు. ఆ సంతకం సరిపోవాలంటే జావాస్క్రిప్ట్ ఆ జేసన్‌ని ఎలా అచ్చువేస్తుందో, ఖాళీలతో సహా, అక్షరం పొల్లుపోకుండా అలాగే వేయాలి. వేరే భాషలో క్లయింట్ రాసేవాళ్లు ముందు జావాస్క్రిప్ట్ అలవాట్లను అనుకరించాలి. ఇంకా విచిత్రం, సందేశానికి వేలిముద్ర లాంటి హ్యాష్‌ను లెక్కించేటప్పుడు, అక్షరాలను రెండేసి బైట్ల యూనిట్లుగా రాసే యూటీఎఫ్-16లోని ఒక్కో యూనిట్ నుంచి కింది బైట్ మాత్రమే తీసుకుంటారు. మన తెలుగు అక్షరాలన్నిటికీ పై బైట్ ఒకటే, 0సీ. హ్యాష్‌లోకి వెళ్లేసరికి అది పోతుంది. ఇలా ఎవరూ కావాలని డిజైన్ చెయ్యరు. కానీ ప్రతి సందేశం తన ముందుదాని హ్యాష్‌ను మోస్తుంది కాబట్టి ఇక మార్చడం కుదరదు. తర్వాత ఓపికగా ప్రోటోకాల్ గైడ్ రాసినవాళ్లు ఈ వింతల్ని కూడా అందులో పెట్టారు. వాళ్లకు నేను చేతులెత్తి నమస్కరిస్తాను.

మీలో ఇలాంటి చాట్ ప్రోగ్రామ్ రాస్తున్నవాళ్లు ఉంటే ఒక్కటి అడుగుతాను. వాక్యాలతో ఆపకండి. ఈ సందేశం ఇస్తే సరిగ్గా ఈ బైట్లు రావాలి అని ఉదాహరణలు ఇవ్వండి. తప్పు సందేశాలూ ఇవ్వండి, వాటిని ఎందుకు తిరస్కరించాలో చెప్పండి. తర్వాత మీ కోడ్ ఎప్పుడూ చూడని ఒకరికి ఆ డాక్యుమెంట్ మాత్రమే ఇచ్చి, రెండో క్లయింట్ రాయమనండి. వాళ్లు మిమ్మల్ని అడిగే ప్రతి సందేహాన్నీ నోట్ చేసుకోండి. డాక్యుమెంట్‌లో ఇంకా రాయాల్సిన పేజీలు అవే.