వీ8 చప్పుడుకు మురిసిపోయే ముందు

అందరికీ నమస్కారం. వుడ్‌వార్డ్ అవెన్యూ మీద పాత కార్ల ఊరేగింపు డ్రీమ్ క్రూజ్ చూసొచ్చిన దగ్గర్నుంచీ మనవాళ్లు కొందరు పాత కమారోనో, షెవెలో కొనాలని ముచ్చట పడుతున్నారు. ఇంజన్ ఎలా చూడాలో చెప్పమన్నారు. ఈ మిషిగన్‌లో మీ కంట ఎక్కువగా పడేది షెవర్లే 350 (350 క్యూబిక్ అంగుళాల వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజన్) కాబట్టి దాన్నే పట్టుకుంటాను. 1967 కమారోతో వచ్చిన ఇంజనది.

చూడటానికి వెళ్లే ముందే ఫోన్ చేసి, "మేం వచ్చేదాకా బండి స్టార్ట్ చెయ్యొద్దు" అని చెప్పండి. వెళ్లగానే బానెట్ ఎత్తించి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజన్ నుంచి పొగ బయటికొచ్చే గొట్టాలు) దగ్గర చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మర్యాదగా టీ తాగి వచ్చెయ్యండి, ఇంకో రోజు వెళ్లొచ్చు. ఎందుకింత పట్టుదలంటే, అరిగిన బోరులో (సిలిండర్ గొట్టంలో) పిస్టన్ టకటకలాడే చప్పుడు ఇంజన్ వేడెక్కితే అణిగిపోతుంది. రాత్రంతా వాల్వ్ గైడ్ల వెంట కారిన ఆయిల్ కూడా మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడే నీలం పొగై బయటికొస్తుంది. ఆ పొగ కాసేపుండి పోతే పెద్ద టెన్షన్ అక్కర్లేదు, చాలావరకు వాల్వ్ సీల్సే. యాక్సిలరేటర్ తొక్కినంతసేపూ నీలంగా వస్తుంటే మాత్రం పిస్టన్ రింగులు పోయినట్టు అనుమానించాలి. ఇంజన్ బోరింగ్‌కి వచ్చి ఉండొచ్చు.

ఇక కంప్రెషన్ టెస్ట్, అంటే ఒక్కో సిలిండర్ ఎంత ఒత్తిడి నిలబెడుతుందో కొలవడం. అమ్మేవాడు మొహం ముడుచుకున్నా ఇది మాత్రం వదలకండి. ఎనిమిది ప్లగ్గులూ తీసేసి, ఇగ్నిషన్ కనెక్షన్ తప్పించి, కార్బురేటర్ థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఒక్కో సిలిండర్‌నీ గేజ్‌తో చూడాలి. అంకె ఎంత ఉందన్నదానికంటే ఎనిమిదీ దగ్గర దగ్గరగా ఉన్నాయా అన్నది ముఖ్యం. పది పదిహేను శాతం తేడా ఉంటే సర్దుకుపోవచ్చు. ఏడు సిలిండర్లు 150 పీఎస్ఐ చూపించి ఒకటి 95 దగ్గర ఆగిందనుకోండి, ఆ ప్లగ్గు రంధ్రంలో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. అంకె లేస్తే రింగులు, లేవకపోతే ఎక్కువగా వాల్వులు. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు కలిసి పడిపోతే ముందు హెడ్ గాస్కెట్ మీద అనుమానపడండి.

"నంబర్స్ మ్యాచింగ్" (ఫ్యాక్టరీలో ఆ బండికి బిగించిన ఇంజనే ఇదీ) అని చెప్పి ధర పెంచేవాళ్లు చాలామందే తగులుతారు. టార్చి పట్టుకుని వెళ్లండి. ఇంజన్ ముందు భాగంలో, ప్యాసింజర్ వైపు హెడ్డుకు సరిగ్గా ముందు చిన్న చదునైన చోటు ఉంటుంది. గ్రీజు తుడిస్తే అక్కడ గుద్దిన అంకెలు కనిపిస్తాయి. వీ అక్షరంతో మొదలైతే ఫ్లింట్ ప్లాంట్, ఆ తర్వాత బిగించిన నెల, తేదీ. పక్కనే బండి నంబర్ చివరి అంకెలు కూడా ఉంటే డ్యాష్‌బోర్డు మీద నంబర్‌తో పోల్చండి. బ్లాక్ వెనక అంచున పోత పోసిన తేదీ ఉంటుంది: సీ 5 9 అంటే 1969 మార్చి 5. పోత తేదీ కంటే ముందే ఇంజన్ బిగించినట్టు అంకెలు చెబుతుంటే, ఎక్కడో ఎవరో కథ అల్లినట్టే. గుద్దిన చోట ఫ్యాక్టరీ మిషన్ వదిలిన సన్నని గీతలు ముందు నుంచి వెనక్కి సాగాలి. అద్దంలా నున్నగా ఉంటే ఎప్పుడో సానబట్టారు. ఓవర్‌హాల్‌లోనూ అలా జరుగుతుంది కాబట్టి అది మోసమేనని తేల్చెయ్యకండి. కానీ ఆ "మ్యాచింగ్" మాటకు అదనంగా డాలర్లు మాత్రం పెట్టకండి.

బ్లాక్ మీద 3970010 అనే పోత నంబర్ చూపించి "ఫోర్ బోల్ట్ మెయిన్" (క్రాంక్‌ని పట్టి ఉంచే మధ్య క్యాపులకు నాలుగేసి బోల్టులుండే గట్టి రకం) అని గట్టిగా చెబుతారు. ఆ బ్లాక్ టూ బోల్ట్‌తోనూ వచ్చింది. ఆయిల్ పాన్ విప్పితే గానీ తేలదు.

చివరగా, "ఇంజన్ కొత్తగా చేయించాం" అంటే ఏ ఆయిల్ పోశారో అడగండి. ఈ ఇంజన్లలో వాల్వులను తెరిపించే క్యామ్, లిఫ్టర్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ తిరిగే రకం, వాటికి జింక్ కావాలి. ఇప్పటి కార్ల ఆయిళ్లలో దాన్ని తగ్గించేశారు. "ఏదో షాపులో దొరికింది పోశాం" అన్నారంటే, వాల్వ్ కవర్లు విప్పించి క్రాంక్ చేతితో తిప్పుతూ ఏ రాకర్ (వాల్వును నొక్కే చిన్న చేయి) మిగతావాటికంటే తక్కువ లేస్తోందో, అంటే క్యామ్ ఎక్కడ అరిగిందో చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి.