పేరు రాజుది, పాట ప్రత్యర్థిది: ‘ఇష్త్‌వాన్ ఎ కిరాయ్’ రాక్ ఒపెరా రివ్యూ

అందరికీ నమస్కారం. ఈరోజు మాట్లాడుకునే ఆల్బమ్‌లో మీకూ నాకూ ఒక్క ముక్క అర్థం కాదు. అంతా హంగేరియన్. అయినా పదిహేను రోజులుగా నా చెవిలో ఇదే మోగుతోంది. పేరు ‘ఇష్త్‌వాన్, ఎ కిరాయ్’. కిరాయ్ అంటే అద్దె కాదండీ, వాళ్ల భాషలో రాజు. ‘రాజైన ఇష్త్‌వాన్’ అనుకోవచ్చు. రెండు ఎల్పీల రాక్ ఒపెరా, అంటే కథంతా రాక్ పాటల్లోనే చెప్పే నాటకం, 1983 నాటిది.

సంగీతం సోరేని లెవెంతె, పాటలు బ్రోడి యానోష్. పేర్లు తిరగేసి చెప్పలేదు, హంగేరీలో మనలాగే ఇంటిపేరు ముందొస్తుంది. వీళ్లిద్దరూ అరవైల్లో ఇల్లేష్ అనే బ్యాండ్‌తో ఆ దేశపు కుర్రకారుని ఊపేసిన జంట. కథకి ఆధారం బోల్డిజార్ మిక్లోష్ రాసిన నాటకం.

ముందు కథ చెప్తాను, లేకపోతే పాటలు పట్టుకోవడం కష్టం. మనకి బాగా తెలిసిన కథే, దాయాదుల పోరు. క్రీ.శ. 997లో హంగేరియన్ల పెద్ద దొర గేజా చనిపోయాడు. తర్వాత ఎవరు? పాత ఆచారం ప్రకారం వంశంలో వయసులో పెద్దవాడికి గద్దె, దాంతోపాటు పోయినవాడి భార్య కూడా దక్కాలి. ఆ లెక్కన గేజా దాయాది కొప్పాన్ వచ్చి, గద్దె నాది, గేజా భార్య షరొల్త్ కూడా నాదే అన్నాడు. కొత్త క్రైస్తవ పద్ధతి ప్రకారమైతే తండ్రి తర్వాత కొడుకు, అంటే ఇష్త్‌వాన్. అతని భార్య గిజెల్లా బవేరియా నుంచి వచ్చింది, ఆమె వెంట జర్మన్ యోధులూ వచ్చారు. వెస్ప్రేమ్ దగ్గర యుద్ధం జరిగింది, కొప్పాన్ చచ్చిపోయాడు. అతని శవాన్ని నాలుగు ముక్కలు చేసి కోటల గుమ్మాలకి వేలాడదీశారు. క్రీ.శ. 1000 ఆఖరునో 1001 మొదట్లోనో ఇష్త్‌వాన్ కిరీటం పెట్టుకున్నాడు. 1083లో చర్చి అతన్ని సెయింట్‌గా ప్రకటించింది. ఇప్పటికీ ఆగస్టు 20 ఆ దేశంలో అతని పేరు మీద జాతీయ పండగే.

అంటే టైటిల్ రోల్ మామూలు మనిషిది కాదు, దేశానికే పునాది వేసిన సెయింట్‌ది. నాకు ఆశ్చర్యం కలిగించింది ఇదే. ఆల్బమ్ పేరు ఆయనది. కిరీటం, ఆఖరి జేజేలు కూడా ఆయనవే. పాటలు మాత్రం ఓడిపోయినవాడివి!

కొప్పాన్‌గా వికిదాల్ ద్యులా పాడాడు. హార్డ్ రాక్ బ్యాండ్ల నుంచి వచ్చిన గొంతు. ‘ఎగిరిపో స్వేచ్ఛా పక్షీ’ అనే పాట ఉంది, అతను ఎత్తుకోగానే వెనక జనం అందుకుంటారు. ఆ కోరస్ మొదటిసారి విన్నప్పుడు నేను బస్సులో ఉన్నాను, తెలియకుండానే ముందు సీటు మీద దరువేస్తుంటే ముందాయన వెనక్కి తిరిగి చూశాడు. గిటార్లు బరువుగా, డ్రమ్స్ గుర్రాల పరుగులా ఉంటాయి. అతని పక్కనే తోర్దా అని పాత మతం పూజారి ఉంటాడు, ఆ గొంతు బ్లూస్ గాయకుడు దేఆక్ బిల్ ద్యులాది. గరుకు కాగితంతో చెక్కని రుద్దినట్టుంటుంది. కొప్పాన్ వైపు మనిషి లబోర్ట్స్ పాత్రకి నాజ్ ఫెరో. ఇతను పంక్ మనిషి. మాకు హంగేరియన్ రాని దేవుడు అక్కర్లేదు అని గొడవకి దిగే పాట అతనిది. నవ్వొస్తుంది, ఆ వెంటనే ఆలోచన కూడా వస్తుంది.

మరి ఇష్త్‌వాన్ వైపు? చర్చి కీర్తనల ఛాయలు, మెల్లని బాణీలు, శుభ్రమైన గొంతు. పాడినవాడు వర్గ మిక్లోష్. వేదిక మీద ఇష్త్‌వాన్‌గా నటించింది మాత్రం వేరే మనిషి, పెల్షోత్సి లాస్లో. ప్లేబ్యాక్ మనకేం కొత్త కాదు కాబట్టి మనం పట్టించుకోం. కానీ ఆలోచించండి. కొప్పాన్‌గా నటించిందీ పాడిందీ ఒక్కడే, రాజుకేమో ఒంటికి ఒకరు, గొంతుకి ఇంకొకరు. కావాలని చేశారో అలా కుదిరిందో గానీ, ఆ తేడా వీడియోలో కనబడుతుంది.

వర్గ గొంతు చాలా బాగుంటుంది, ఆ మాట ఒప్పుకోవాలి. పై స్థాయిలో నిలబెట్టినప్పుడు ఒళ్లు జలదరిస్తుంది. ఇబ్బంది పాత్రతో. రాజు ఎప్పుడు చూసినా బాధపడుతుంటాడు, ప్రార్థిస్తుంటాడు, దారి చూపమని అడుగుతుంటాడు. పనులన్నీ వాళ్లమ్మ షరొల్త్ చేస్తుంది. పౌరాణిక నాటకాల్లో ధర్మరాజు చెప్పేదే న్యాయమని అందరికీ తెలుసు, ఈలలు మాత్రం దుర్యోధనుడికి పడతాయి. ఇక్కడా అదే జరిగింది.

అసలు 1983 నాటి బుడాపెస్ట్‌లో ఈ ఈలలు ఎవరికి పడ్డాయన్నది చాలా పెద్ద విషయం. ఆగస్టు 18న నగరంలోని పెద్ద పార్కులో, పిల్లలు మంచులో జారుకునే గుట్ట మీద తొలి ప్రదర్శన ఇచ్చారు. ఆ గుట్టకి ఇప్పుడు రాజు గుట్ట అనే పేరుంది, ఈ ఒపెరా వల్లే. అప్పటి కమ్యూనిస్టు పాలకుడు కాదార్ యానోష్. 1956 తిరుగుబాటుని సోవియట్ ట్యాంకులు అణిచాక గద్దెక్కినవాడు. ఆ తిరుగుబాటు నాటి ప్రధాని నాజ్ ఇమ్రెని 1958లో ఉరి తీశారు. ఆ పేరు బాహాటంగా ఎత్తకూడని రోజులవి. ఇప్పుడు మళ్లీ కథ చూడండి. బయటి సైన్యం సాయంతో గెలిచి దేశాన్ని నిలబెట్టినవాడు ఒకడు, స్వేచ్ఛ అంటూ చచ్చిపోయి సరైన సమాధి కూడా దక్కనివాడు ఇంకొకడు. చాలామంది ఇష్త్‌వాన్‌లో కాదార్‌ని, కొప్పాన్‌లో నాజ్ ఇమ్రెని చూశారు. సర్కారు వైపు నుంచి చూస్తే, దేశం బతకాలంటే రాజీ తప్పదని చెప్పే కథ. గుట్ట కింద నిలబడ్డవాడికి వేరే కథ. సెన్సార్ ఉన్న చోట ఒకే పాట ఇద్దరికీ నచ్చేలా రాయడం మామూలు పని కాదు. బ్రోడికి అంతకుముందే పాలకులతో చేదు అనుభవాలున్నాయి, ఎక్కడ ఆగాలో తెలిసిన మనిషి. మొట్టమొదటి పాటే జనాన్ని అడుగుతుంది, నువ్వైతే ఎవరిని ఎంచుకుంటావు అని. జవాబు మాత్రం ఆల్బమ్ చెప్పదు.

ఇంకో గొంతు గురించి చెప్పకపోతే పాపం. రేకా, కొప్పాన్ కూతురు. చరిత్రలో లేని కల్పిత పాత్ర. పాడింది జానపద గాయని షెబెష్‌తేన్ మార్తా. రాక్ అంతా ఆగిపోయి, పల్లె పాట ఒక్కటే నిలుస్తుంది. పూడ్చుకోవడానికి తండ్రి శవం ఇవ్వమని రాజుని అడుగుతుంది. రాజు మనసు కరుగుతుంది, ఇచ్చేద్దామనుకుంటాడు. షరొల్త్ ఒప్పుకోదు, నాలుగు ముక్కలు చేయమంటుంది. భాష రాకపోయినా ఆ చోట నాకు గొంతు పట్టేసింది. నా లెక్కలో ఆల్బమ్‌కి ప్రాణం ఆ సీనే.

భాష గురించి చిన్న మాట. హంగేరియన్‌లో ప్రతి మాటకీ మొదటి అక్షరం మీదే ఒత్తు. అందుకే మాట మొదలవడం, డ్రమ్ మీద దెబ్బ పడటం ఒకేసారి జరుగుతాయి, రాక్‌కి అది భలే అతుకుతుంది. ఇంకా, మనలాగే మాట చివర తోక తగిలిస్తారు. ‘హాజ్’ అంటే ఇల్లు, ‘హాజ్‌బన్’ అంటే ఇంట్లో. సరే, దారి తప్పుతున్నాను.

నచ్చనివీ ఉన్నాయి. ఎటు గాలి వీస్తే అటు ఊగే ముగ్గురు దొరల కామెడీ పాటలు మొదట బాగుంటాయి, తర్వాత సాగుతాయి. కొప్పాన్ ముగ్గురు పెళ్లాల పాట కథకి అడ్డం. ఎనభైల కీబోర్డ్ మోత కొన్ని చోట్ల మరీ పాతబడింది, పెళ్లి బ్యాండ్ గుర్తొచ్చింది నాకైతే. గిజెల్లా పాత్ర సగంలోనే తేలిపోయింది.

ఆల్బమ్ నాలుగు భాగాలు. ఓపిక తక్కువుంటే ‘కొప్పాన్ వెజేర్’ అనే మూడో భాగంతో మొదలుపెట్టండి, వెజేర్ అంటే దళపతి. నచ్చితే వెనక్కి వెళ్లి మొదటి నుంచి వినండి. కొల్తాయ్ గాబోర్ తీసిన 1984 నాటి సినిమా కూడా ఉంది, ఆ గుట్ట మీది ప్రదర్శనే. చివర్లో హంగేరీ జాతీయ గీతం మోగుతుంది. ‘దేవుడా, హంగేరియన్లని దీవించు’ అని మొదలయ్యే గీతం, అదీ కమ్యూనిస్టుల హయాంలో. అప్పుడు జనం మొహాలు చూడండి. నేను రెండుసార్లు వెనక్కి తిప్పుకుని చూశాను. రాజు కోసం నిలబడ్డారా, కొప్పాన్ కోసమా అని. మీకేమనిపించిందో కామెంట్లలో రాయండి.